ఎప్‌సెట్ ముందు చాట్‌బాట్‌ను లెక్కలు అడిగేవారికి జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు అయిపోయాక ఎప్‌సెట్‌కి మిగిలేవి కొన్ని వారాలే. (మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం.) ఈ రోజుల్లో రాత్రిపూట డౌట్ వస్తే పిల్లలు అడిగేది ఫోన్‌లోని చాట్‌బాట్‌నే. వద్దని నేను అనను. అడిగే పద్ధతి మాత్రం చూసుకోవాలి.

"జవాబెంత?" అని అడగకండి. "ఒక్కో స్టెప్పూ రాస్తూ చెయ్యి, జవాబు చివర్లో చెప్పు" అనండి. చాట్‌బాట్ ఒక్కో ముక్కా పేర్చుకుంటూ రాస్తుంది కాబట్టి, అది రాసే స్టెప్పులే దానికి రఫ్ పేపర్. 2022లో టోక్యో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు ప్రశ్నకు "అంచెలంచెలుగా ఆలోచిద్దాం" అనే అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం జోడించి చూశారు. ఒక లెక్కల పరీక్షలో అప్పటి మోడల్ (చాట్‌బాట్ వెనక పనిచేసే ఏఐ ప్రోగ్రామ్) సరైన జవాబులు 17.7 శాతం నుంచి 78.7 శాతానికి ఎగబాకింది. 2024 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ కంపెనీ ఓ1 అనే మోడల్ వచ్చినప్పటి నుంచి కొన్ని మోడళ్లు చెప్పకపోయినా అలా ఆలోచించుకుంటున్నాయి. కానీ ఆ స్టెప్పులు మీకు కనబడాలంటే అడగాల్సిందే.

అసలు ప్రమాదం కీ చూసి అడగడంలో ఉంది. కారు వెళ్లేటప్పుడు గంటకు 60, అదే దారిలో వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగంతో నడిచింది. సగటు వేగం ఎంత? 120 కిలోమీటర్ల దారి అనుకుంటే వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240ని 5తో భాగిస్తే 48. మీ గైడు కీలో పొరపాటున 50 అని పడిందనుకోండి. "50 ఎలా వచ్చిందో చెప్పు" అంటే, రెండు వేగాలూ కలిపి సగం చేసి, నమ్మేలా అప్పజెప్పినా అప్పజెప్పుతుంది. 2023లో పరిశోధకులు అసలు ప్రశ్నకు ముందు చూపించే నమూనా ప్రశ్నలన్నిటికీ మొదటి ఆప్షనే జవాబయ్యేలా అమర్చి ఇస్తే, మోడళ్లు చాలాసార్లు ఆ ఆప్షన్ వైపే మొగ్గి, వేరే కారణాలు రాశాయి. అందుకే కీ దాచిపెట్టండి. ఆప్షన్లు కూడా తర్వాత ఇస్తేనే మేలు.

ఫోటో పంపితే ముందు ప్రశ్నను టైప్ చేసి చూపించమనండి. మైనస్ గుర్తు, పైన చిన్నగా ఉండే ఘాతం తప్పుగా చదివితే తర్వాత స్టెప్పులన్నీ దండగ. తెలుగులో అడిగేటప్పుడు "మూడు రెట్లు", "మూడు రెట్లు ఎక్కువ" లాంటివి తేలిగ్గా వదిలేయకండి. దాన్ని 3x అనుకుందో 4x అనుకుందో మొదటి సమీకరణంలోనే తెలుస్తుంది.

వచ్చిన విలువను సమీకరణంలో పెట్టి మీరే సరిచూసుకోండి. తర్వాత ఫోన్ పక్కన పడేసి అదే లెక్క కాగితం మీద చెయ్యండి. హాల్లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే మరి.

జవాబు మీద అనుమానం వస్తే "తప్పు" అని గదమాయించకండి. సారీ చెప్పి, సరిగ్గా ఉన్న జవాబునూ మార్చేయగలదు. కొత్త చాట్ తెరిచి మళ్లీ మొదటి నుంచి అడగండి. రెండు చోట్లా వేర్వేరు జవాబులొస్తే ఆ లెక్కకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, పొద్దున్నే లెక్చరర్‌ని పట్టుకోండి.