చిన్న సీఎన్‌సీలో మోటారు అదురుతూ తిరుగుతుంటే: సమస్య - పరిష్కారం

3018 తరహా చిన్న సీఎన్‌సీలో (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే యంత్రంలో) బల్ల సాఫీగా జరగక గరగరలాడుతూ కదులుతుంటే, చాలామంది ముందుగా కంప్యూటర్ తెరిచి సెట్టింగులు మారుస్తారు. అసలు లోపం ఉన్నచోటే ఉండిపోతుంది, అప్పటిదాకా సరిగా ఉన్న అంకెలు కూడా చెడిపోతాయి. కాబట్టి లోపం విద్యుత్తు వైపు ఉందా, యంత్ర భాగాల వైపు ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఇందుకు కప్లింగ్ (మోటారును స్క్రూతో కలిపే ముక్క) మీది గ్రబ్ స్క్రూను (తలలేని చిన్న స్క్రూను) వదులు చేసి, బల్లను జరిపే లీడ్ స్క్రూ నుంచి విడదీసిన మోటారును ఒంటరిగా తిప్పి చూస్తే చాలు. పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షంలో ఈ పని చేసేటప్పుడు స్పిండిల్ (చెక్కే పనిముట్టును తిప్పే భాగం) కిందికి జారవచ్చు కనుక దాని కింద ముందే ఒక చెక్కముక్క పెట్టాలి. ఇక్కడ చెబుతున్నదంతా ఆర్డుయినో ఊనో అనే కంట్రోల్ బోర్డు, దాని మీద అమర్చే సీఎన్‌సీ షీల్డ్, మోటార్లకు కరెంటు అందించే ఏ4988 డ్రైవర్లు, యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ వాడే యంత్రాలకు వర్తిస్తుంది.

సమస్య: ఒంటరిగా ఉన్నా మోటారు తిరగక, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ వణుకుతోంది.

స్టెప్పర్ (చిన్న చిన్న అడుగులుగా తిరిగే) మోటారు తిరగాలంటే అందులోని రెండు కాయిల్స్‌కూ (తీగచుట్టలకూ) వంతులవారీగా కరెంటు అందాలి. ఒక కాయిల్ తీగ తెగినా, రెండు కాయిల్స్ తీగలు ఒకదానితో ఒకటి కలగలిసినా ఈ వణుకు వస్తుంది. కొత్త కేబుల్ కొన్నాక మొదలైతే దాదాపుగా రెండోదే కారణం, ఎందుకంటే మధ్య తీగల వరుస అన్ని కేబుళ్లలోనూ ఒకేలా ఉండదు. పవర్ పూర్తిగా తీసి, కనెక్టర్ ఊడదీసి, ఏవైనా రెండు తీగల కొనలను కలిపి పట్టుకుని మోటారు షాఫ్టును వేళ్లతో తిప్పండి. బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రెండూ ఒకే కాయిల్‌వి, తేలిగ్గా తిరిగితే కావు. మల్టీమీటర్ ఉంటే ఒకే కాయిల్ కొనల మధ్య కొద్ది ఓమ్‌లు చూపిస్తుంది. షీల్డ్ మీది నాలుగు పిన్నుల్లో పక్కపక్కనున్న రెండేసి ఒక్కో కాయిల్‌కు చెందేలా తీగలను అమర్చాలి. పవర్ ఉండగా మోటారు కనెక్టర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకూడదు, డ్రైవర్ కాలిపోతుంది. తీగలు సరిగానే ఉన్నాయని తేలితే, పవర్ తీసి ఆ డ్రైవర్‌ను పక్క అక్షం డ్రైవర్‌తో మార్చి చూడాలి. జబ్బు కూడా పక్క అక్షానికి మారిందంటే డ్రైవరే పోయింది.

సమస్య: ఖాళీగా బాగానే కదులుతోంది, చెక్కేటప్పుడు మాత్రం టకటకమని అడుగులు తప్పుతోంది, లేదా కాసేపు నడిచి, ఆగి, మళ్లీ నడుస్తోంది.

మొదటిదానికి తరచుగా తక్కువ కరెంటు, రెండోదానికి ఎక్కువ కరెంటు వల్ల వేడెక్కిన డ్రైవర్ తనను తాను ఆపుకోవడం కారణం. ఏ4988లో ఈ కరెంటును వీరెఫ్ అనే వోల్టేజీతో నిర్ణయిస్తారు. కావలసిన కరెంటును 8తోనూ, డ్రైవర్ బోర్డు మీది సెన్స్ రెసిస్టర్ (కరెంటును కొలిచే రెసిస్టర్) ఓమ్‌ల విలువతోనూ గుణిస్తే ఆ వోల్టేజీ వస్తుంది. 1 యాంపియర్ కావాలంటే, రెసిస్టర్ మీద ఆర్100 (0.1 ఓమ్) అని ఉంటే 0.8 వోల్టులు, ఆర్050 (0.05 ఓమ్) అని ఉంటే 0.4 వోల్టులు పెట్టాలి. చాలా బోర్డులు చూడటానికి ఒకేలా ఉంటాయి గనుక, రెసిస్టర్ మీది అంకె చదవకుండా ఎవరో చెప్పిన వోల్టేజీ పెట్టడం ప్రమాదకరం. మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కూ, ఎర్ర తీగను డ్రైవర్ మీది చిన్న లోహపు పొటెన్షియోమీటర్ (తిప్పి వోల్టేజీ మార్చే మర) తలకూ ఆనించి, యూఎస్‌బీ పవర్ మాత్రమే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ కొలవాలి. మోటారు మీద రాసిన గరిష్ఠ కరెంటులో 70 శాతం దగ్గర మొదలుపెట్టడం మంచిది. 1 యాంపియర్ దాటితే హీట్ సింక్‌తో పాటు ఫ్యాన్ గాలి కూడా తగలాలి.

సమస్య: నెమ్మదిగా బాగుంది, వేగం పెంచితే కీచుమని ఆగిపోతోంది.

స్టెప్పర్ బలం వేగంతోపాటు తగ్గిపోతుంది. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో $110, $111, $112లోని గరిష్ఠ వేగాన్నీ, $120 నుంచి $122 దాకా ఉన్న త్వరణాన్నీ సగానికి తగ్గించి, తిరిగి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. లీడ్ (ఒక చుట్టుకు బల్ల జరిగే దూరం) 4 మిల్లీమీటర్లున్న స్క్రూకు 1/16 మైక్రోస్టెప్పింగ్‌తో (ఒక్కో అడుగును 16 భాగాలు చేయడంతో) మిల్లీమీటరుకు 800 అడుగులు కావాలి. నిమిషానికి 2000 మిల్లీమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 26,700 అడుగులవుతుంది. ఊనో మీద జీఆర్‌బీఎల్ సత్తువ సెకనుకు సుమారు 30,000 అడుగుల వరకే. ఒకే ఒక తక్కువ వేగంలో మాత్రం గడగడలాడి, ఆ వేగం దాటగానే సర్దుకుంటే అది అనునాదం (రెసొనెన్స్). షీల్డ్ మీది జంపర్లతో (చిన్న కలిపే ముక్కలతో) మైక్రోస్టెప్పింగ్ పెంచితే తగ్గుతుంది. అలా మార్చినప్పుడు $100 నుంచి $102 దాకా ఉన్న, మిల్లీమీటరుకు ఎన్ని అడుగులో చెప్పే అంకెలను కూడా అదే నిష్పత్తిలో మార్చాలి.

సమస్య: ఒంటరిగా సాఫీగానే ఉంది, స్క్రూ కలపగానే అదురుతోంది.

ప్రతి 4 మిల్లీమీటర్లకు ఒకసారి, అంటే స్క్రూ ఒక్కో చుట్టుకు, పట్టేస్తుంటే స్క్రూ వంగి ఉండాలి లేదా కప్లింగ్ వంకరగా బిగిసి ఉండాలి. బల్ల ఒక చివరలోనే బిగుసుకుంటే గైడు రాడ్లు సమాంతరంగా లేవని అర్థం. ఆ చివర బోల్టులు వదులు చేసి, బల్లను పూర్తిగా అక్కడికి జరిపి, అక్కడే మళ్లీ బిగించాలి. ఎప్పుడో ఒకసారి జారుతుంటే షాఫ్టుకూ కప్లింగుకూ అడ్డంగా మార్కర్ పెన్నుతో ఒక గీత గీసి, కాసేపు నడిపాక గీత రెండుగా విడిపోయిందేమో చూడాలి. విడిపోతే గ్రబ్ స్క్రూ సరిగా పట్టలేదు. షాఫ్టు మీద చదునైన భాగం ఉంటే దాని మీదే బిగించాలి.

బల్ల ఒక నిర్దిష్ట స్థానానికి చేరినప్పుడే మోటారు వణికి, వెనక్కి రాగానే మామూలైపోతే, కేబుల్ ఒంపు తిరిగే చోట లోపలి రాగి తీగ తెగి ఉంటుంది. పైతొడుగు బాగానే కనిపిస్తుంది గనుక దాన్ని కళ్లతో పట్టుకోలేం. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, మోటారు నుంచి ఊడదీసిన కేబుల్‌ను ఆ ఒంపు దగ్గర అటూఇటూ వంచుతూ ఒక్కో తీగను పరీక్షించి, బీప్ తెగితే కేబుల్ మొత్తాన్నీ మార్చేయాలి.