ఒక్క బోర్డింగ్ పాస్, రెండు దేశాల లెక్క: అమెరికాలో చదివే మన పిల్లల టాక్స్ ఫైలింగ్

ఫిబ్రవరి చివరికొచ్చిందంటే చాలు, కూకట్‌పల్లిలో రాత్రి పదింటికి నా ఫోన్‌కి వాట్సాప్ కాల్స్ మొదలు. ఎమ్మెస్‌కి వెళ్ళిన కజిన్స్, వాళ్ళ రూమ్మేట్లు, రూమ్మేట్ల ఫ్రెండ్స్, అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, డబ్ల్యూ-2 వచ్చింది, ఏం చెయ్యాలి?" (డబ్ల్యూ-2 అంటే ఏడాదికి ఎంత జీతమిచ్చారో, ఎంత పన్ను కోశారో ఎంప్లాయర్ ఇచ్చే కాగితం.) అందుకే మొన్న మా బాబాయి కొడుక్కి చేయించింది చేయించినట్టు ఇక్కడ రాసేస్తున్నా. వాడు 2025 ఆగస్ట్ 11న శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కాడు, 12న దిగాడు. ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ వీటి మీదే నడుస్తుంది.

ముందు నా తప్పు చెప్తా, మీరు చెయ్యకుండా ఉంటారు. నేను 2018లో వెళ్ళా. 2019 సంవత్సరానికి రూమ్మేట్లంతా ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల్లో కొట్టేస్తుంటే నేనూ కొట్టేశా, అది నన్ను అడగకుండానే 1040 ఫారం వేసేసింది, అంటే పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్ (అక్కడి నివాసి) అయినవాళ్ళు వేసే రిటర్న్. ఆ 2020లోనే కరోనా డబ్బులు 1,200 డాలర్లు అకౌంట్‌లో పడ్డాయి. సంబరం చేసుకుని అందరం బిర్యానీ తిన్నాం. తర్వాత తెలిసింది నాన్‌రెసిడెంట్ స్టూడెంట్స్‌కి అది రాదని, ఫారమే తప్పు వేశామని. 1040-ఎక్స్ అని సవరణ ఫారం వేసి, యూఎస్ ట్రెజరీ పేరు మీద చెక్ రాసి దాని మీద 2020ఈఐపీ (ఆ కరోనా డబ్బుల పేరు) అని రాసి పంపించా. బిర్యానీ మాత్రం వెనక్కి రాలేదు.

సో మొదటి రూల్: ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ ఇయర్స్ అమెరికాలో గడిపిన రోజులు టాక్స్ రెసిడెన్సీ లెక్కలోకి రావు, మీరు నాన్‌రెసిడెంట్. సంవత్సరంలో ఒక్క రోజు ఉన్నా అది ఒక ఇయర్ కిందే లెక్క, కాబట్టి మావాడికి 2025 నుంచి 2029 దాకా. ఓపీటీలో (స్టూడెంట్ వీసా మీదే చదువుకి సంబంధించిన జాబ్ చేసుకునే అనుమతి) జాబ్ చేస్తున్నా వీసా ఎఫ్-1యే కదా, ఈ ఐదేళ్ళలో ఉంటే అదే రూల్. మీ ఫారం 1040-ఎన్ఆర్, చివర్లో ఆ ఎన్ఆర్ ఉందో లేదో కళ్ళతో చూసుకోండి.

దానికంటే ముందు 8843, అంటే నా రోజులు లెక్కలోకి రావు అని చెప్పుకునే ఫారం. ఒక్క డాలర్ సంపాదించకపోయినా ఇది వెయ్యాలి, చాలామంది "నాకు జాబే లేదు కదా" అని వదిలేస్తారు. చిన్న ఫారమే: పాస్‌పోర్ట్ నంబర్, కాలేజీ పేరు, అడ్రస్, గత ఏళ్ళలో ఏ వీసా, ఎన్ని రోజులున్నారు. వీడియో కాల్‌లో మావాడు రోజుల బాక్స్ దగ్గర ఆగిపోయి "నాలుగు నెలల పైన" అన్నాడు. నాలుగు నెలల పైన కాదురా, ఆగస్ట్‌లో దిగిన రోజుతో కలిపి 20, సెప్టెంబర్ 30, అక్టోబర్ 31, నవంబర్ 30, డిసెంబర్ 31, మొత్తం 142. అది వేసి, కింద లైన్‌లో "లెక్కలోంచి తీసెయ్యండి" అన్న దగ్గర కూడా అదే 142. జీతం లేనివాళ్ళకి జూన్ 15 దాకా టైముంది, ఉన్నవాళ్ళు 1040-ఎన్ఆర్‌తో కలిపి ఏప్రిల్ 15 లోపు. 8843 ఒక్కటే అయితే పేపర్ మీద సంతకం పెట్టి ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్ను శాఖ) పోస్ట్ చెయ్యాలి, పోస్టాఫీస్ రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక డబ్ల్యూ-2. మావాడు క్యాంపస్ లైబ్రరీలో గంటకి 14 డాలర్లు, వారానికి 20 గంటలు, పద్నాలుగు వారాలు చేశాడు, బాక్స్ 1లో 3,920, బాక్స్ 2లో పట్టుకున్న ఫెడరల్ టాక్స్ 212. ఇక్కడ మనకి ఒక మంచి విషయం ఉంది. మామూలుగా నాన్‌రెసిడెంట్‌కి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకి ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) ఇవ్వరు, కానీ ఇండియా-అమెరికా టాక్స్ ఒప్పందం ఆర్టికల్ 21 ప్రకారం మన స్టూడెంట్స్‌కి ఇస్తారు. 2024కి 14,600, 2025కి 15,750 డాలర్లు. అంటే మావాడికి పన్ను సున్నా, 212 మొత్తం రిఫండ్. పక్క బెడ్ నేపాల్ అబ్బాయికి ఇది లేదు, వాళ్ళ దేశంతో అలాంటి ఒప్పందమే లేదు, కాబట్టి వాడి రిటర్న్ చూసి కాపీ కొట్టొద్దు, వాణ్ణి మీది కొట్టనివ్వొద్దు.

అదే కాగితంలో బాక్స్ 4, బాక్స్ 6 చూడండి. సోషల్ సెక్యూరిటీ (అక్కడి పెన్షన్ కోత) 6.2 శాతం, మెడికేర్ (పెద్దవాళ్ళ వైద్యం కోత) 1.45 శాతం. ఐదేళ్ళలోపు ఎఫ్-1 వాళ్ళకి ఇవి కట్ అవ్వకూడదు. క్యాంపస్ జాబ్స్‌లో సాధారణంగా కరెక్ట్‌గానే ఉంటుంది, ఓపీటీలో చిన్న కంపెనీల్లో చేరినవాళ్ళకే ఎక్కువ కోత పడుతుంది, పేరోల్ వాళ్ళకి తెలీదు, మనవాళ్ళు అడగరు. ముందు ఎంప్లాయర్‌నే వెనక్కివ్వమని మెయిల్ పెట్టండి, కుదరదంటే ఫారం 843, 8316 కలిపి ఐఆర్ఎస్‌కి పంపాలి. ఏడాదికి 60 వేల డాలర్ల జీతం మీద 7.65 శాతమంటే 4,590 డాలర్లు, వదిలేసే డబ్బు కాదు.

కాలేజీ పంపే 1098-టీ (ట్యూషన్ ఫీజు కాగితం) చూసి చదువు క్రెడిట్లు (పన్ను తగ్గింపులు) క్లెయిమ్ చెయ్యకండి, నాన్‌రెసిడెంట్‌కి రావు. నాన్న పంపిన డబ్బు, ఎడ్యుకేషన్ లోన్, ఇవి ఆదాయం కాదు, ఎక్కడా చూపించక్కర్లేదు. సేవింగ్స్ అకౌంట్ వడ్డీకి కూడా అక్కడ పన్ను లేదు. షేర్లు మాత్రం జాగ్రత్త, ఏడాదిలో 183 రోజులు అక్కడుంటే లాభం మీద నేరుగా 30 శాతం, స్టాండర్డ్ డిడక్షన్ కూడా అడ్డం రాదు. స్టేట్ రిటర్న్ వేరే, టెక్సాస్, ఫ్లోరిడా అయితే ఆ బాధ లేదు, మిగతా చోట్ల మీ స్టేట్ వెబ్‌సైట్ చూసుకోండి.

ఇంతవరకు అందరూ ఎలాగోలా చేస్తారు. ఇండియా వైపే ఎవరూ చూడరు. "నేను ఎన్నారై అయిపోయా కదా" అంటారు. బ్యాంకుల విషయంలో నిజమే, ఫెమా (విదేశీ మారక చట్టం) ప్రకారం చదువుకి విమానం ఎక్కిన స్టూడెంట్‌ని నాన్‌రెసిడెంట్‌గానే చూస్తారు, సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్‌ఆర్‌ఓగా (నాన్‌రెసిడెంట్ల అకౌంట్) మార్చుకోవాలి. కానీ ఇన్‌కమ్ టాక్స్ వేరే చట్టం, దాని లెక్క వేరు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇక్కడ 60 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, అంతకుముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఉంటే మీరు ఆ ఏడాదికి రెసిడెంటే. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఆ 60ని 182 చేశారు, చదువు అని అందులో రాయలేదు. మావాడి లెక్క: ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్ట్ 11, మొత్తం 133. అక్కడ 142 రోజులున్నా రెసిడెంట్ కాలేదు, ఇక్కడ 133కే అయిపోయాడు. "ఇదేం న్యాయం అన్నా" అన్నాడు. న్యాయం సంగతి నాకు తెలీదురా, ఐటీఆర్-2 ఓపెన్ చెయ్యి అన్నా.

ఎందుకంటే రెసిడెంట్‌కి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. మావాడు జూలై దాకా గచ్చిబౌలిలో జాబ్ చేశాడు, ఆ ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం-పన్ను కాగితం) జీతం, దాంతోపాటు మార్చి 31 దాకా లైబ్రరీ జీతం రూపాయల్లో, రెండూ కలుపుతాం. 2025-26కి కొత్త రెజీమ్‌లో 12 లక్షల ఆదాయం దాకా రెసిడెంట్‌కి రిబేట్ (పన్ను మాఫీ) ఉంది కాబట్టి వాడికి కట్టాల్సింది ఏం ఉండదు, చూపించడమే. దాంతోపాటు షెడ్యూల్ ఎఫ్ఏలో (రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక) అమెరికా బ్యాంక్ అకౌంట్ కూడా రాయాలి, అందుకే ఐటీఆర్-1 పనికిరాదు. ఇంకో మెలిక, ఎఫ్ఏ మాత్రం క్యాలెండర్ ఇయర్ ప్రకారం, అంటే 2025 డిసెంబర్ 31 నాటికి ఉన్నది, గరిష్ఠంగా ఎంత ఉంది అనేవి. ఆ డిసెంబర్ దాకా బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. గడువు జూలై 31. 2026-27 నుంచి పూర్తిగా అక్కడే ఉంటే నాన్‌రెసిడెంట్, అప్పుడు అమెరికా జీతం ఇక్కడ చూపించక్కర్లేదు.

చివరిది బాబాయి పని. ఫీజు కోసం పంపిన డబ్బు మీద బ్యాంక్ టీసీఎస్ కోసింది, మన హైటెక్ సిటీ కంపెనీ కాదు, ఇది మూలంలో వసూలు చేసే పన్ను. 2025-26లో సొంత డబ్బు 10 లక్షలు దాటితే దాటినదాని మీద 5 శాతం, బ్యాంక్ ఎడ్యుకేషన్ లోన్‌లోంచి వెళ్తే సున్నా. బాబాయి 18 లక్షలు పంపాడు, 40 వేలు కట్. రిటైరయ్యాడు, రెండేళ్ళుగా ఐటీఆర్ వెయ్యట్లేదు, ఆ 40 వేలు ఫీజులోనే పోయాయనుకున్నాడు. 26ఏఎస్ (పాన్ మీద కట్ అయిన పన్నుల పట్టిక) తీసి చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి "ఇది నా డబ్బేనా" అని రెండుసార్లు అడిగాడు. పంపిన మనిషి పాన్ మీదే పడుతుంది, ఆయనే రిటర్న్ వేసి రిఫండ్ అడగాలి. పిన్ని అకౌంట్ నుంచి కొంత పంపి ఉంటే ఆవిడకి 10 లక్షల పరిమితి విడిగా ఉండేది, ఆ మాట ముందే నన్ను అడగాల్సింది. ఆదివారం ఆయన రిటర్న్ వేస్తున్నా, ఆధార్ ఓటీపీ కోసం ఫోన్ చార్జింగ్ పెట్టుకోమన్నా.