పాత అంబాసిడర్‌కు కొత్త స్టీరింగ్ బిగించడం ఎలా?

కడప ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన అంబాసిడర్లకు, ప్రీమియర్ పద్మినిలకు స్టీరింగ్ పాడవడం మామూలే. గట్టి ప్లాస్టిక్ నెర్రెలు విచ్చి, లోపలి ఇనుప కమ్మీ బయటపడుతుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, మంచి స్థితిలో ఉన్న అసలు స్టీరింగ్ కోసం పాత సామాన్ల దుకాణాలు వెతకాల్సిందే. దొరకకపోతే వేరే కంపెనీల స్టీరింగ్ వేసుకోవచ్చు. అయితే మీ కారుకు సరిపోయే హబ్ చేతికి వచ్చేదాకా స్టీరింగ్ కొనకండి.

హబ్ ఒక వైపు స్టీరింగ్ షాఫ్టు పళ్లలో కూర్చుంటుంది, రెండో వైపు ఆరు బోల్టులతో స్టీరింగ్‌ను పట్టుకుంటుంది. పళ్ల లెక్క, షాఫ్టు మందం మోడల్‌ను బట్టి మారతాయి. బోల్టు రంధ్రాల వలయం వ్యాసం కూడా చూడాలి. మోమో, స్పార్కో కంపెనీల స్టీరింగ్‌లకు అది సాధారణంగా 70 మి.మీ., నార్డి కంపెనీ వాటికి 74 మి.మీ. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టు మాత్రం దిగదు. రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేస్తామన్నా, పాత స్టీరింగ్ మధ్యభాగాన్ని కోసి వెల్డింగ్ పెడతామన్నా దయచేసి ఒప్పుకోకండి. నడుస్తున్న కారులో ఆ అతుకు ఊడితే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

ఇక సైజు. ఈ పాత కార్లలో చాలావాటికి పవర్ స్టీరింగ్ లేదు. 420 మి.మీ. స్టీరింగ్ చక్రం తీసి 350 మి.మీ.ది వేస్తే, తిప్పడానికి ఐదో వంతు బలం అదనంగా పెట్టాలి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ అది భుజాలకు తెలుస్తుంది. చిన్న చక్రం అందంగా ఉంటుందన్నది నిజమే అయినా, 380కి తగ్గవద్దనే నా సలహా.

పని మొదలుపెట్టే ముందు కారును చదునైన రోడ్డు మీద తిన్నగా నడిపి, ముందు చక్రాలు నేరుగా ఉండగా ఆపండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. హారన్ బొత్తాన్ని జాగ్రత్తగా ఊడదీసి, వైరు ఎలా వచ్చిందో ఫోనులో ఫొటో తీసుకోండి. మధ్య నట్టును వదులు చేయండి కానీ పూర్తిగా తీయకండి, రెండు మూడు మరల మీద ఉంచండి. పట్టు వదలగానే స్టీరింగ్ ఒక్కసారిగా ఎగిరి ముఖానికి తగలకుండా ఆ నట్టే ఆపుతుంది. షాఫ్టు మీద, పాత స్టీరింగ్ మీద ఒకే వరుసలో సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టండి. తర్వాత పుల్లర్‌తోనే (స్టీరింగ్‌ను లాగే పనిముట్టు) లాగండి. సుత్తితో కొడితే షాఫ్టు మరలు, లోపలి బేరింగులు దెబ్బతింటాయి.

షాఫ్టు పళ్లను బ్రష్‌తో శుభ్రం చేసి, గుర్తు చూసుకుంటూ హబ్ కూర్చోబెట్టండి. ఇండికేటర్‌ను వెనక్కి తెచ్చే కొక్కెం హబ్ గాడిలో పడాలి, లేకపోతే మలుపు తిరిగాక కూడా ఇండికేటర్ వెలుగుతూనే ఉంటుంది. నట్టును కారు మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి. ఆరు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. హారన్ వైరు ఎక్కడా ఒరుసుకోకూడదు. చాలా పాత కార్లలో బొత్తాం నొక్కితే వైరుకు ఎర్త్ తగిలి హారన్ మోగుతుంది. వైరు తొడుగు అరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా దానంతటదే మోగుతుంది.

బ్యాటరీ వైరు కలిపి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. పద్మినిలోనూ, పాత అంబాసిడర్లలోనూ గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి, అన్ని గేర్లూ మార్చి వేళ్ల కణుపులు తగలడం లేదని నిర్ధారించుకోండి. స్టీరింగ్ కాస్త వంకరగా కనిపిస్తే ముందు చక్రాలను తిప్పే టై రాడ్ జోలికి పోకండి, హబ్ తీసి ఒక పన్ను జరపండి.

ముందుగా ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడపండి, ఆ తర్వాతే రోడ్డెక్కండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్టు, ఆరు బోల్టులు మళ్లీ ఒకసారి పానాతో పట్టి చూడండి.