కానుగ ఆకు రాలేముందు ఏం జరుగుతుందో ఇంట్లోనే చూడండి

హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో రోడ్డు పక్కన కానుగ చెట్టు కనిపిస్తుంది. శివరాత్రి చుట్టుపక్కల ఆకులు పసుపెక్కి రాలిపోతాయి, ఉగాదికల్లా లేత చిగురు వచ్చేస్తుంది. ఎండకు ఎండి పడిపోయాయి అనుకుంటాం గానీ, చెట్టు పడేసే ముందు ఆకులోని ప్రోటీన్లను విడగొట్టి నత్రజని, భాస్వరం సుమారు సగం వరకు కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. కాల్షియం మాత్రం వెనక్కి వెళ్లే దారి లేక ఆకులోనే ఉండిపోతుంది.

ఇలా ప్రోటీన్లు పోయేకొద్దీ ఆకు లోపలి పని ఎంత తగ్గిందో కెటలేజ్ అనే ఎంజైమ్‌తో (రసాయన చర్యల్ని వేగంగా జరిపించే ప్రోటీన్) చూడొచ్చు. ఎండలో ఆకులో తయారయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొట్టేది ఇదే.

ఒకే కొమ్మ నుంచి ముదురు పచ్చాకు, పసుపాకు కోయండి. ఒక్కోటి 2 గ్రాములు తూచి, 20 మి.లీ. చల్లటి నీళ్లు పోస్తూ విడివిడిగా నూరి, గుడ్డలో వడకట్టండి. మెడికల్ షాపులో 20 వాల్యూమ్ పెరాక్సైడ్ అడగండి, అది సుమారు 6 శాతం, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. కళ్లలో పడకూడదు, పిల్లలు చేస్తుంటే పక్కనే ఉండండి. సన్నటి గ్లాసులో 5 మి.లీ. రసం, ఒక చుక్క గిన్నెల సబ్బు, తర్వాత 5 మి.లీ. పెరాక్సైడ్ పోసి, నిమిషం తర్వాత నురగ ఎత్తు స్కేలుతో కొలవండి. సాధారణంగా పచ్చాకు రసం గబగబా పొంగుతుంది, పసుపాకుది నెమ్మదిగా, తక్కువగా లేస్తుంది. కాస్త పచ్చాకు రసాన్ని మరిగించి, చల్లార్చి కూడా పోయండి, పొంగు దాదాపు రాదు, వేడికి ఎంజైమ్ చెడిపోతుంది కాబట్టి.

ఇదే చెట్టు మీద ఆగస్టులో, డిసెంబర్‌లో, ఫిబ్రవరి చివర్లో మళ్లీ చేసి తేదీతో రాసుకోండి. ఒక్క జాగ్రత్త, నేను మొదటిసారి డిసెంబర్, మే లెక్కలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను, తీరా చూస్తే నేను కొలిచింది ఆకును కాదు, వాతావరణాన్ని! ఎంజైమ్ వేగం వేడిని బట్టి మారిపోతుంది. అందుకే ప్రతిసారీ రసం, పెరాక్సైడ్ రెండూ పది నిమిషాలు ఐసు నీళ్లలో ఉంచాకే కలపండి.

రాలిన ఆకుల్ని దయచేసి తగలబెట్టకండి. వాటిలో నత్రజని తక్కువ కాబట్టి కంపోస్టులో వాటినే వేస్తే నెలల తరబడి అలాగే ఉంటాయి. కూరగాయల తొక్కలు గానీ, పచ్చి కానుగ రెమ్మలు గానీ వాటితో కలపండి. మన రైతులు వరి మడిలో తొక్కించేది కూడా పచ్చి కానుగాకునే, రాలినదాన్ని కాదు.