కాలేయ కణాల లయ గ్రాఫ్‌లో కనిపించకపోతే

ఎలుక కాలేయం నుంచి కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో విడదీసిన హెపటోసైట్లు (కాలేయ కణాలు) కల్చర్‌లో, అంటే ప్లేట్లలో పెంచేటప్పుడు, ప్రోటీన్‌ను ఒకే వేగంతో తయారు చేయవు. దాదాపు గంటకో అల చొప్పున వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మీ గ్రాఫ్‌లో మాత్రం గీత అడ్డంగా పడుకుంది. కణాలు పాడయ్యాయని ప్లేట్లు పారబోయకండి.

సమస్య: గీత చదునుగా ఉంది

ముందు శాంపిళ్ల మధ్య ఎడం చూడండి. గంట లయను గంటకోసారి కొలిస్తే ప్రతిసారీ అలలో ఒకే చోటు దొరుకుతుంది. 10 నిమిషాలకోసారి చొప్పున రెండు మూడు గంటలు తీయాలి. చేతికి విసుగే, కానీ తప్పదు.

ఎడం సరిగ్గానే ఉంటే అనుమానించాల్సింది కణాల సాంద్రతను. పలుచగా వేసిన కల్చర్‌లో లయ లేక కాదు, ఎవరి తాళం వారిది. మనం కొలిచేది వేల కణాల మొత్తాన్ని. ఒక కణం పైకి వెళ్తుంటే ఇంకొకటి కిందికి వస్తుంది, హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గీత చదునవుతుంది. ఒత్తుగా పెరిగిన కల్చర్‌లో ఒకదాని సంకేతం ఇంకొకదానికి అందుతుంది.

తేల్చుకునే దారి సులువు. ఒత్తు కల్చర్ మీద ఉన్న మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) తీసి పలుచటి దాని మీద పోయండి. అల లేచిందంటే లోపించింది లయ కాదు, పొంతన. మాస్కోలో జీవశాస్త్రవేత్త బ్రోడ్‌స్కీ బృందం ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చుంది. ఆ మీడియంలోని సంకేతాల్లో గాంగ్లియోసైడ్ జీఎం1 (కణాల పొరల్లో ఉండే, చక్కెరలు అతికిన కొవ్వు అణువు) ముఖ్యమైనదని చూపింది. జీఎం1 గానీ అడ్రినలిన్ తరహా మందు ఫినైలెఫ్రిన్ గానీ విడిగా కలిపినా కణాలు జత కలుస్తాయి. నా సలహా: మీడియం మార్పిడితో మొదలుపెట్టండి, దానికి కొనాల్సిందేమీ లేదు.

సమస్య: కల్చర్ ఒత్తుగానే ఉంది, అయినా అల లేదు

సంకేతం నడిచే దారి ఇది: జీఎం1 పొరుగు కణాన్ని చేరుతుంది, లోపల కాల్షియం పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజులు (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైములు) మేల్కొంటాయి, తయారీ వేగం మారుతుంది. ఇందులో ఎక్కడ గండి పడ్డా లయ చెదురుతుంది. వేరే ప్రయోగం కోసం కాల్షియాన్ని పట్టేసే బాప్టా, కైనేజ్ నిరోధకం, గాంగ్లియోసైడ్ తయారీని ఆపే మందు ఏదైనా కలిపారా? ఎలుక వయసు కూడా రాసిపెట్టుకోండి: ముసలి ఎలుకల కణాల్లో అల బలహీనం, జీఎం1 ఇస్తే కోలుకుంటుంది.

సమస్య: అల వచ్చింది, నమ్మకం కుదరడం లేదు

ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తున్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ప్రోటీన్‌లో ఎంత చేరిందో మాత్రమే కొలిస్తే ఆ అల కణంలోని విడి ల్యూసిన్‌ది కావచ్చు. అదే శాంపిల్‌లో దాన్నీ కొలిచి లెక్క సరిచేయాలి.

సీరం షాక్‌తో, అంటే కణాల మీద ఒక్కసారిగా ఎక్కువ సీరం పోసి, పని కానిద్దామని కొందరు చూస్తారు. 1998లో అది ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లో (బంధన కణజాల కణాల్లో) మేల్కొల్పింది 24 గంటల గడియారాన్ని. ఆ ఫలితాన్ని ఈ గంట లయకు సాక్ష్యంగా వాడకండి.