పాత దుప్పట్లు, కొత్త పరుపులు

అమ్మ పక్క వేస్తే దుప్పటి మూలలు ఉత్తరం కవరు మడతల్లా కుదిరేవి. ఇప్పుడందరూ ఎలాస్టిక్ అంచువే కొంటున్నారు. అయినా బీరువాలో ఉన్న పాత నూలు దుప్పట్లు పారేయకండి. ఏళ్ల తరబడి ఉతికితే వచ్చిన ఆ మెత్తదనం కొత్తవాటిలో దొరకదు.

ముందు పరుపు మందం కొలవండి. పాతవి పలచటి పరుపులకి సరిపోయేలా కుట్టినవి. నాసా పరిశోధనల్లో 1966లో పుట్టిన మెమరీ ఫోమ్ లాంటివి ఇళ్లలోకి వచ్చాక పరుపులు మందమయ్యాయి. పరుపు వెడల్పుకి రెండు మందాలు, పైన దోపడానికి రెండు జానలు కలపండి. దుప్పటి అంత ఉంటే చాలు.

ఇక అసలు పని మూలల దగ్గరే. కాళ్ల వైపు అంచుని పరుపు కిందకి దోపండి. మూలకి జానెడు దూరంలో, పక్కన వేలాడే అంచుని పట్టుకుని పైకెత్తి పరుపు మీద వేయండి. త్రికోణం వస్తుంది. కింద మిగిలిన కొసని లోపలికి తోసి, మూలని ఒక చేత్తో అదిమి పట్టి, త్రికోణాన్ని దించి దోపేయండి. ఆ అదిమి పట్టడం మరిచిపోతే తెల్లారేసరికి ఊడిపోతుంది.

సరిపోని దుప్పట్లు రెండుంటే మూడు వైపులా కలిపి కుట్టండి, రజాయికి గలీబు అవుతుంది. దాన్ని తిరగేసి, లోపల చేతులు పెట్టి రజాయి మూలలు పట్టుకుని విదిలించండి. నేను రెండు కుట్టాను, ఇప్పటికీ వాడుతున్నాను.