బ్లూస్ మౌత్ ఆర్గాన్‌లో లయ నిలవాలంటే

మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీత శైలి) నేర్చుకునేవారు మొదటి నెలలన్నీ స్వరాన్ని వంచి పలికించడం మీదనే గడుపుతారు. తీరా గిటారు వాయించే మిత్రుడి పక్కన కూర్చున్న రోజున, నాలుగు బార్లు (ఒక్కో బార్ అంటే నాలుగు దెబ్బల భాగం) దాటేసరికి తామెక్కడున్నారో తెలియక ఆగిపోతారు. నాకూ అదే జరిగింది. గిటారు మీద కుడిచెయ్యి చేసే పనిని ఈ వాద్యంలో ఊపిరే చేస్తుంది కాబట్టి, లయ జారినప్పుడు మొదట పరీక్షించుకోవలసింది శ్వాసనే.

ఈ సాధనకు పది రంధ్రాల డయటోనిక్ (ఒకే శ్రుతికి చెందిన స్వరాలుండే) వాద్యం, సి శ్రుతిలోది, కావాలి. రెండు వరుసల రంధ్రాలతో ఉండే ట్రెమొలో రకం పాటలకు ఇంపుగానే ఉంటుంది గాని, అందులో ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు (గాలికి కంపించే పలుచని రేకులు) కలిసి కంపిస్తూ మోగడం వల్ల బ్లూస్‌కు కావలసిన పదునైన దెబ్బ రాదు.

వాద్యాన్ని ముట్టుకోకముందే మెట్రోనోమ్‌ను (సమమైన వ్యవధిలో చప్పుడు చేసే పరికరాన్ని) నిమిషానికి 50 దెబ్బలకు పెట్టి, పాదంతో తాళం వేస్తూ, ఒక్కో దెబ్బకు నాలుగు అక్షరాల చొప్పున 'త-క-త-క' అనుకోవాలి. మొదటి రెండక్షరాలను గాలి పీలుస్తూ, తరువాతి రెండింటిని వదులుతూ పలకాలి. మనకు అలవాటైన 'తకధిమి' ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 'మి' అనాలంటే పెదవులు కలవాలి, వాద్యం నోట్లో ఉండగా అది కుదరదు. అయిదు నిమిషాల తరువాత ఊపిరి నిండిపోయినట్టూ, ఖాళీ అయినట్టూ కాకుండా సమంగా ఉంటే, అదే పనిని 1, 2, 3 రంధ్రాల మీద చేయాలి. అప్పుడు వినిపించేది రైలు చప్పుడు. 1920లలో అమెరికాలోని నాష్‌విల్ రేడియోలో మౌత్ ఆర్గాన్ కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ ఇలాగే రైలును పరుగెత్తించి శ్రోతలను మెప్పించాడు. వేగం పెంచడానికి తొందరపడవద్దు: 50 దగ్గర తడబడే రైలు 100 దగ్గర పట్టాలు తప్పుతుంది.

బ్లూస్‌లో ఎక్కువగా వినిపించే షఫుల్ నడక దీనికి భిన్నమైనది. తిశ్రగతి తెలిసినవారికి ఇది సులువు: ఒక్కో దెబ్బను 'త-కి-ట' అని మూడు భాగాలు చేసి, మొదటి రెండింటినీ కలిపి సాగదీసి, మూడోదాన్ని పొట్టిగా పలికితే 'తా-ట, తా-ట' అవుతుంది. ఆ 'ట' కొంచెం ముందుకు జరిగి రెండు భాగాలూ సమానమైపోతే ఊపు చచ్చిపోతుంది. పన్నెండు బార్ల బ్లూస్‌లో బార్‌కు నాలుగేసి చొప్పున 48 దెబ్బలుంటాయి; లెక్కకు ఆదితాళం ఆరు ఆవర్తనాలంత. అయితే పోలిక అంతటితో సరి. ఇక్కడ డ్రమ్ము బలంగా మోగేది ప్రతి బార్‌లోనూ రెండో, నాలుగో దెబ్బల మీద; సమం మీద ఒత్తే అలవాటున్నవారికి ఇది మొదట్లో తలకిందులుగా తోస్తుంది. మెట్రోనోమ్ వేగాన్ని సగానికి తగ్గించి, దాని ప్రతి చప్పుడునూ రెండో దెబ్బగా, నాలుగో దెబ్బగా విని, ఒకటిని, మూడును మనమే మనసులో వేసుకోవడం దీనికి మంచి మందు.

అసలు చిక్కు ఊపిరి నిండిపోవడంలో ఉంది. సి వాద్యం మీద బ్లూస్‌ను సాధారణంగా జి శ్రుతిలో వాయిస్తారు. జి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) 1 నుంచి 4 రంధ్రాలను పీల్చినప్పుడు వస్తుంది. సాధారణ నడకలో మొదటి నాలుగు బార్లూ జి మీదనే ఉంటాయి గనుక, పీల్చి పీల్చి ఛాతీ నిండిపోయి, అయిదో బార్‌లో సి కోసం ఊదవలసి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా బయటకు తన్నుకొస్తుంది. అందరూ వేగం పెంచేసేది సరిగ్గా అక్కడే. రెండో బార్ చివరా, నాలుగో బార్ చివరా ఒక దెబ్బసేపు వాయించడం మాని, ఆ ఖాళీలో ముక్కుతో గాలి వదలాలి. పాదం మాత్రం ఆగకూడదు. ఆ మౌనాన్ని లోపమనుకోనక్కరలేదు, బ్లూస్ గాయకులు పాటలో పంక్తికీ పంక్తికీ మధ్య విడిచే చోటు అదే. తొమ్మిదో బార్‌లో డి రావాలి గాని, ఈ వాద్యంలో పూర్తి డి మేజర్ కార్డ్ దొరకదు. 1 లేదా 4 రంధ్రాన్ని ఒంటరిగా పీల్చి 'తా-ట' నడిపిస్తే సరిపోతుంది.

వారానికొకసారి ఫోనులో రికార్డు చేసి, మరునాడు వినండి, వాయించిన వెంటనే చెవి మనల్ని వెనకేసుకొస్తుంది. ఇంకొక పరీక్ష కూడా ఉంది: మెట్రోనోమ్ శబ్దాన్ని నాలుగు బార్లపాటు పూర్తిగా తగ్గించి, వాయిస్తూనే ఉండి, అయిదో బార్ మొదట్లో తిరిగి పెంచి చూడండి. పాదమూ చప్పుడూ కలిస్తే తరువాత ఎనిమిది బార్లు తగ్గించి చూడవచ్చు.